దొంగ పేరు

బొగ్గుబావి దగ్గరి స్నానాల గదిలో ఎల్లయ్య గోళ్ళ సందుల్లోని మసిని రాయితో రుద్దుతూనే ఉన్నాడు. నౌకరీలో చివరి షిఫ్టు అయిపోయింది. ఎండిన వీపు మీద, బొగ్గు గీరుకున్న చోటల్లా నీలిమచ్చలు. ఆ మచ్చలు ఏ సబ్బుకూ పోవు.

"జల్ది రా, దొంగ బుచ్చన్నా. నీ రిటైర్మెంటు మీటింగు షురువైతది," గుమ్మంలోంచి అన్నాడు యూనియన్ సదానందం.

ఆ మాట ఎల్లయ్యకు ఇప్పటికీ మింగుడుపడదు. బొగ్గు ఎత్తుకెళ్ళేవాడు దొంగ, సరే. ఒళ్ళు కాలకుండానే దవాఖానలో పడుకుంటే దొంగ జ్వరం, అదీ సరే. ఇన్నేళ్ళు నిజంగా చెమటోడ్చిన తనది దొంగ పేరెట్లా అయింది?

అసలు బుచ్చన్న ఎల్లయ్య భార్య పోశవ్వకు అన్న. నౌకరీ వచ్చిన మొదటిరోజే లోపలి చీకటికి జడిసి ఊరికి పారిపోయాడు. "బావా, నా పేరు మీద నువ్వు దిగు" అని కాళ్ళావేళ్ళా పడ్డది ఆయనే. తర్వాత పండగపండక్కీ కల్లు తాగి, "దొంగ పేరోడు, నా పేరు తిని బతుకుతుండు" అని నలుగురిలో నవ్విందీ ఆయనే. థూ, అదీ ఒక పుటకేనా.

బావిలో అందరికీ ఎల్లయ్య బుచ్చన్నే. ఇంట్లో పోశవ్వ మొగుడి పేరు పలకదు. ఎల్లయ్యా అనే పిలుపు తల్లితోనే పోయింది.

"ఇయ్యాల ఒక్కరోజు ఓర్సుకో. నోరు జారితే పింఛను ఆగుతది," అని పోశవ్వ పొద్దున సద్ది కడుతూ చెప్పింది. సరేనన్నాడు.

షామియానా కింద ముందు వరుసలో ఆయనకో కుర్చీ, పక్క బల్ల మీద శాలువా. వెనక బెంచీ మీద కొత్త ధోవతిలో బుచ్చన్న. "నా పేరు లేకపోతే వీనికి గీ దండలెక్కడివి," అని పక్కవాళ్ళతో చెబుతున్నాడు. నవ్వులు వినబడ్డాయి.

"బుచ్చన్న గారు వేదిక మీదికి రావాలి," మైకు పిలిచింది.

ఎల్లయ్య లేచాడు.

"బుచ్చన్న నేను కాదు సార్. గా బెంచీ మీద కూసున్నడు. శాలువ ఆయనకే కప్పుండ్రి. నా పేరు ఎల్లయ్య."

తలలన్నీ వెనక బెంచీ వైపు తిరిగాయి. "నాకేం ఎరుక లేదు," గొణుగుతూ బుచ్చన్న బెంచీ కింద చెప్పులు వెతుక్కున్నాడు. అది చూసి ఎల్లయ్య పక్కకు తిరిగి ఉమ్మేశాడు. గేటు వైపు నడిచాడు.

పింఛను పోయినట్టేనని ఆడవాళ్ళ వరుసలో కూర్చున్న పోశవ్వకు తెలుసు. అయినా వెంటపడింది. గేటు దాటాక వెనకనుంచి పిలిచింది.

"ఓ ఎల్లయ్యా, నిమ్మళంగ నడువు. నేనూ వస్తున్న."

షామియానా విప్పేదాకా, మడత విప్పని శాలువా ఆ బల్ల మీదే ఉంది.