గంగాళం మీది పేరు

సోమవారం స్రవంతి మేడ్చల్‌లో ఉద్యోగంలో చేరాలి. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. ఆలోపు ఒక పని తెమల్చుకోవాలనుకుంది. సర్టిఫికెట్లలో ఉన్న ఇంటిపేరు ‘సెన్నబోయిన’ను ‘చెన్నబోయిన’గా మార్చుకోవాలి. అత్వెల్లిలో ఉండే తాతగారి అన్న ఇంటివాళ్లంతా ‘చ’తోనే రాస్తారు. “మీ నాయినకు బడిల తప్పు రాసిండ్రు” అని పెళ్లిళ్లలో నవ్వుతారు. ఆ నవ్వును కొత్త ఆఫీసు దాకా మోసుకుపోవడం ఆమెకు ఇష్టం లేదు.

దరఖాస్తు నింపి నాయిన దేవేందర్ ముందు పెట్టింది. ఆయన పెన్ను తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

“మీ అవ్వనొక మాట అడుగు బిడ్డా.”

అవ్వ దుర్గాబాయి వాకిట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. విషయం విని, “తప్పు ఎవ్వలు రాయలే. మీ తాతే రాయించిండు” అంది.

“తాతకు సదువే రాదు గద అవ్వా.”

“రాకుంటేంది? అన్నదమ్ములు ఏరువడ్డంక ఏ పెండ్లయినా రెండిండ్ల గిన్నెలు కలిసేటియి. అన్నిటి మీద ఒకటే ఇంటిపేరు. మంచియన్ని అత్వెల్లికే నడిసేటియి. ఇగ మీ తాత, గిన్నెల మీద పేర్లు కొట్టేటాయన కాడ కూసొని, మా అన్నది లెక్క గాకుండ మొదటి అక్షరం ఏరేది కొట్టుమన్నడు. దూరంకెల్లే గుర్తువట్టేదాన్ని.”

“మరి బడిల?”

“ఇంటిపేరు ఎట్ల రాయాలె అని సారు అడిగిండట. మీ తాత చేతిలున్న చెంబు సూపిండు.”

స్రవంతి నవ్వింది. దరఖాస్తు మాత్రం వదల్లేదు.

“మార్చుకుంటె మార్చుకో” అంది అవ్వ. “గని మీ నాయిన పెండ్లప్పుడు మన గంగాళం అత్వెల్లికి పోయింది, మళ్ల రాలే. పేరు మారినంక దాన్ని ఏమని అడుగుతం?”

స్రవంతి స్కూటీ తాళం తీసుకుంది.

అత్వెల్లిలో పెద్దమ్మ జయమ్మ పెరట్లో గంగాళం నిండా నీళ్లున్నాయి.

“గిది మా అత్తది” అంది జయమ్మ.

స్రవంతి వంగి అంచు కింద మట్టి తుడిచింది. చుక్కలు చుక్కలుగా అక్షరాలు తేలాయి.

“మాదే పెద్దమ్మా. పేరు సూడు, స తోని ఉంది.”

జయమ్మ చూసి నాలుక కరుచుకుంది. “ఇన్నేండ్లసంది తోముతున్న, ఒక్కనాడు సూడకపోతి. తీస్కపో. గని మీ ఇంట్ల మాయేమున్నయో గూడ జర ఎతుకు.”

గంగాళాన్ని స్కూటీ ముందర పెట్టుకుని ఇంటికొచ్చి, స్రవంతి దరఖాస్తును అవ్వ తీస్తున్న ఈనెల కింద పరిచింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి పప్పు వండే బగోన గిన్నెను తిరగేసి చూసింది.

“అవ్వా, దీని మీద చ ఉంది.”

“మెల్లగ మాట్లాడు” అంది దుర్గాబాయి, తల ఎత్తకుండా.