ముందుగది ఖాళీ

మా ఆయన దగ్గర పాత రేడియోలు ఎన్ని ఉన్నాయో ఆయనకే తెలియదు, ఇక నాకేం తెలుస్తుంది. చెక్కపెట్టెవి, ప్లాస్టిక్‌వి, జేబులో పట్టేవి, ఇద్దరు పడితే గానీ కదలనివి, అన్నీ కింద ముందుగదిలో ఉండేవి. ఆ గదికి పెద్ద కిటికీ ఉంది, పక్కనే స్నానాలగది ఉంది. మా ఇంట్లో మెట్లెక్కకుండా మనిషి బతకగలిగిన గది అదొక్కటే. మనిషికి తప్ప అన్నిటికీ అందులో చోటుండేది.

మా అక్క జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాక ఆ గదితో అవసరం పడింది. ఆపరేషన్ బాగానే జరిగింది. మెట్లెక్కకూడదు, ఒంటరిగా ఉండకూడదు అన్నారు డాక్టర్లు. అక్క ఉండేది మూడో అంతస్తులో, ఒంటరిగా. కాబట్టి ఉన్నవి రెండే దారులు. ఒకటి మా ముందుగది, రెండోది ఊరి చివర నడవలేనివాళ్ళను చూసుకునే వసతిగృహం. అక్కడొక మంచం ఖాళీ ఉందట, నెలాఖరులోగా సంగతేదో తేల్చి చెప్పమన్నారట.

"మా ఇంటికే వస్తావు, ఇందులో మాట్లాడేదేముంది" అన్నాను ఆస్పత్రిలో. అమ్మ పోయేనాటికి నాకు జడ వేసుకోవడం కూడా రాదు. ఆ తర్వాత నాకు జడ వేసింది, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసింది, నా పెళ్ళికి నాన్నను ఒప్పించింది, అన్నీ అక్కే. ఆమెను పరాయివాళ్ళ చేతుల్లో పెడితే నేను మనిషినే కాదనుకున్నాను.

మా ఆయన కూడా వెంటనే ఒప్పుకున్నాడు. ఆయన దేనికైనా వెంటనే ఒప్పుకుంటాడు, చిక్కంతా అక్కడే. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం నుంచి రిటైరైన దగ్గర్నుంచీ ఎవరు పిలిచినా కాదన్న పాపాన పోలేదు. సోమవారం చదరంగం, బుధవారం పాటల బృందం, శనివారం ఎవరిదో ఒకరి పుట్టినరోజు. ఆదివారం రేడియోల వాళ్ళు మా ఇంటికే వస్తారు. "రెండు ఆదివారాలు చాలు, గది అద్దంలా చేసి చూపిస్తా" అన్నాడు.

రేడియోల వాళ్ళంటే నలుగురైదుగురు. వాళ్ళకు పెద్ద తలకాయ ఒక పళ్ళ డాక్టరు. జనం నోళ్ళు తెరిపించే పని మానేశాక రేడియోల వీపులు విప్పడం మొదలుపెట్టారు. ఇంకొకాయన గడియారాలు బాగుచేస్తారు, అందరూ ముల్లుగారు అని పిలుస్తారు. వీళ్ళకొక నియమం ఉంది. మూగ రేడియోను ఎవరికీ ఇవ్వకూడదు, పారెయ్యకూడదు. ఒక్కసారైనా పలికించి అప్పుడు గడప దాటించాలి. ఎందుకని అడిగితే, "అది మర్యాద కాదమ్మా" అంటారు. అంతకుమించి ఎవరూ చెప్పరు.

మొదటి ఆదివారం వాళ్ళు రాగానే ముందే చెప్పాను. పోస్టాఫీసులో ఏళ్ళ తరబడి ఉత్తరాలు విడదీసినదాన్ని, ఆ మాత్రం చెప్పే హక్కు నాకుంది. "ఉంచేవి ఇటు, ఇచ్చేవి అటు, పారేసేవి గుమ్మం బయట. చెయ్యి ఆగకూడదు. చెయ్యి ఆగిందా, పని ఆగినట్టే." అందరూ బుద్ధిగా తలలూపారు. కాసేపు బాగానే సాగింది. ఇంతలో డాక్టరుగారు ఒక చెక్కపెట్టె వీపు విప్పి లోపలికి టార్చి వేశారు.

"ఇది పోలేదమ్మా. వైరొకటి ఊడిందంతే."

"ఊడితే ఊడనీండి, ఎటూ పారేసేదే కదా."

"మూగగా పారేస్తామా?" అన్నారు ముల్లుగారు, నేనేదో బూతు మాట అన్నట్టు చూసి.

సాయంత్రమయ్యేసరికి ఉంచేవి, ఇచ్చేవి, పారేసేవి అన్న కుప్పలు లేవు. 'చూద్దాం' అనే కుప్ప ఒక్కటే ఉంది, కిటికీ సగం దాకా. టీలు తాగారు, పలికిన ప్రతి రేడియోకూ చప్పట్లు కొట్టారు. గది ఖాళీ కాలేదు గానీ మా బిస్కెట్ల డబ్బా ఖాళీ అయింది. పలకని వాటిని తలా నాలుగు చంకన పెట్టుకుని, ఇంట్లో చూస్తామంటూ వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళటు వెళ్ళగానే ఆయన్ని బాగా దులిపాను. ఆయన గది మూలకు చెయ్యి చూపించాడు. అక్కడ నా గుడ్డల మూటలున్నాయి. నేను అతుకుల దుప్పట్లు కుడతాను, వాటికోసం దాచిన ముక్కలు.

"గురివింద గింజ తన కింది నలుపెరగదట" అన్నాడు.

"వాటిదేముంది, ఒక్క పూట పని" అన్నాను.

మర్నాడు కూర్చున్నాను. మొదటి మూట విప్పగానే అక్క పాత నీలం చొక్కా ముక్క కనిపించింది. దాన్ని ఇస్త్రీ చేశాను. పక్కన ఏ రంగు నప్పుతుందో చూద్దామని ఇంకో మూట విప్పాను. మంగళవారం నాతో కుట్టేవాళ్ళు వచ్చారు, వాళ్ళూ కూర్చుని రంగులు చూశారు, ఒకావిడ తన ఇంటి నుంచి మరో సంచీడు ముక్కలు తెచ్చింది. మా అక్క మంచానికి దుప్పటి కుడుతున్నామని గొప్పగా చెప్పుకున్నాం. మంచం వేసే చోటు లేదు, దుప్పటి మాత్రం సగమైంది.

రెండో ఆదివారం, చంకన పెట్టుకెళ్ళిన రేడియోలన్నీ తిరిగొచ్చాయి. అన్నీ పాడుతున్నాయి. "ఇంత బాగా పలుకుతుంటే ఎవరికివ్వబుద్ధవుతుందమ్మా" అన్నారు డాక్టరుగారు. పైగా తనవి రెండు కూడా తెచ్చి పెట్టారు, మా ఇంట్లో అయితే వాటికి తోడుంటుందట. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

ఆ మధ్యాహ్నమే అక్క ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది. ఆయన తీశాడు.

"గది సిద్ధం వదినా, మీదే ఆలస్యం" అన్నాడు. అవతల నుంచి అక్క ఏదో అంది. ఆయన ముఖం చిన్నబోయింది. ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"మీ ఆయనకి అబద్ధమాడ్డం కూడా రాదే" అంది అక్క. "వెనకాల అన్ని పెట్టెలు మోగుతుంటే సిద్ధమంటాడేంటి?"

"ఇంకొక్క వారం అక్కా. ఈసారి నేనే దగ్గరుండి తీయిస్తా."

"సరేలే. తొందరేం లేదు."

తొందరేం లేదన్న మాట నా చెవులకు ఎంతో హాయిగా ఉంది. ఆ వారమంతా ఇద్దరం ఆ గదిలో అడుగు పెట్టలేదు. ఆయనకు చదరంగం పోటీలు, పాటల బృందం కచేరీ. నాకు కుట్టే స్నేహితురాలి మనవరాలి పెళ్ళి. వెళ్ళకపోతే ఏమనుకుంటారోనని ఒకరికొకరం చెప్పుకుని అన్నిటికీ వెళ్ళాం. అక్క ఏమనుకుంటుందన్న ఆలోచన మాకు రాలేదు. అక్కే కదా, ఏమనుకుంటుందిలే.

శనివారం ఆస్పత్రికి వెళ్తే అక్క మంచం మీద ఇంకెవరో పడుకుని ఉన్నారు. పొద్దున్నే వసతిగృహం బండి వచ్చి తీసుకెళ్ళిందని నర్సు చెప్పింది.

ఇంటికొచ్చాక ఆయన రేడియోల వాళ్ళెవరికీ ఫోన్ చెయ్యలేదు. పాత సామాను కొనేవాణ్ణి పిలిచాడు. మూగవీ పలికేవీ అని చూడకుండా అన్నీ తనే మోసి బండిలో పెట్టాడు. డాక్టరుగారివి రెండూ కూడా వాటితోపాటే పోయాయి. మధ్యలో ఆయన భుజంతో కళ్ళు తుడుచుకోవడం చూశాను, చూడనట్టే ఉన్నాను. నా మూటలు నేను విప్పకుండానే బండిలోకి విసిరేశాను. ఇన్నాళ్ళూ కాని పని ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. అంత తేలికని తెలిశాక నాకు ఇంకా సిగ్గేసింది.

సంగతి తెలిసి ముల్లుగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"పలకనివి కూడానా?"

"అన్నీ" అన్నాడు మా ఆయన, నేల తుడుస్తూనే.

ముల్లుగారు చెప్పులు విప్పి లోపలికొచ్చి, మేడ మీది మంచం కిందికి దించడానికి ఒక వైపు పట్టారు.

మర్నాడు అక్కను తెచ్చుకుందామని వెళ్ళాం. హాల్లో చక్రాల కుర్చీలో కూర్చుని ఇద్దరు ముసలావిడలతో పేకాడుతోంది. "ఈ ఆటయ్యేదాకా ఆగండి" అంది. ఆగాం. ఆటలో ఓడిపోయి, వాళ్ళను నాలుగు తిట్టి, మమ్మల్ని తన గదికి తీసుకెళ్ళింది. చిన్న గది. మంచం, బీరువా, ఒక కుర్చీ, అంతే.

"గది ఖాళీ చేశాం అక్కా. ఒక్కటంటే ఒక్కటి లేదు. పద పోదాం."

"ఈసారి అబద్ధం కాదు వదినా" అన్నాడు ఆయన.

"తెలుసులే మరిదీ. గీసుకుపోయిన నీ చేతులే చెప్తున్నాయి" అంది అక్క. నవ్వుతూనే అంది.

"మరింకేంటి?" అన్నాను.

అక్క మంచం అంచు మీద చెయ్యి వేసింది. "నేనొచ్చేసరికి ఇది వేసి ఉందే. దుప్పటి మడత పెట్టి, దిండు సర్ది, చేతికందేలా మంచినీళ్ళు కూడా పెట్టారు. నా ముక్కూ మొహం తెలీనివాళ్ళు. పిచ్చిదానిలా కూర్చుని ఏడ్చాను."

"నా మీద కోపమా అక్కా?" అని అడిగాను.

"కోపమెందుకే, నువ్వు నా చెల్లెలివి. అప్పుడప్పుడూ వస్తూ ఉండండి" అంది. ఇంతలో హాల్లోంచి ఎవరో పిలిచారు. అక్క కుర్చీ చక్రాలు తలుపువైపు తిప్పుకుంది. "వచ్చేముందు మాత్రం ఫోన్ చెయ్యి. ఒక్కోసారి నాకు ఖాళీ ఉండదు."

అలాగే అక్కా అన్నాను.