మాగాయ కావడి

ఢిల్లీలో మా పాలం నుంచి మీరట్ తొంభై కిలోమీటర్లు. ఆ రోజు మాకు నూట అరవై అయింది. మా భీమేశ్వరరావు ఇప్పటికీ నూట యాభయ్యే అంటాడు. ఆ తక్కువైన పదీ అతడు వెనక సీటులో కునికిన దూరం.

రెండువేల నాలుగు, జూలై నెల. అప్పటికి భీమేశం రిటైరైన గుమాస్తా, నేను సైన్యంలో లారీలు తోలి వచ్చినవాణ్ణి. నా ఎనభై సీసీ బండి మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ఎగువ వస్తే ఒకరు దిగి నడవాలి. బండి నాది కాబట్టి దిగేది భీమేశం. పల్లంలో మాత్రం దానికి తిరుగులేదు. ఒకసారి ఆగ్రా రైలును దాటేసింది. రైలు ఆగి ఉందని గిట్టనివాళ్ళంటారు.

ఈ ప్రయాణానికి కారణం భీమేశం నోరు. రెండేళ్ళ కిందట ఒక పెళ్ళి పంక్తిలో, సుబేదారుగా ఉన్న బావమరిది పద్మనాభంతో, "నువ్వు చూసిన యుద్ధమంతా క్యాంటీను క్యూలోనే కదయ్యా!" అన్నాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. పద్మనాభం విస్తరి మడిచి లేచిపోయాడు. ఆ తర్వాత మాటల్లేవు. ఫోనులో బావగారి గొంతు వినబడితే టక్కున పెట్టేసేవాడు.

ఇప్పుడు అతడి దళాన్ని మంచుకొండల మీదికి పంపుతున్నారు. మీరట్‌లో మధ్యాహ్నం మూడింటికి రైలు. మళ్ళీ ఎప్పుడు దిగుతాడో, అసలు దిగుతాడో లేదో! భీమేశం భార్య సుభద్ర రెండు జాడీల మాగాయ మా ముందు పెట్టింది.

"మా తమ్ముడి చేతికివ్వండి. తప్పయిందని మీ నోటితో చెప్పండి. చెప్పకుండా వస్తే గుమ్మం బయటే పడుకుందురుగాని," అంది.

బస్సులు లేవు. శివభక్తులు హరిద్వార్ నుంచి కావళ్ళలో గంగాజలం మోసుకొచ్చే రోజులవి. హైవే అంతా వాళ్ళదే. అందుకే నా బండి. జాడీలకు ఎర్రగుడ్డతో వాసెన కట్టి, వెదురుబద్దకు అటొకటి ఇటొకటి వేలాడదీసి, ఆ బద్దను భీమేశం భుజాన పెట్టాను. బండి కుదుపులకు జాడీలు పగలకుండా నేను చేసిన ఇంజనీరింగ్ అది. అక్కడే కొంప ముంచాను.

గాజియాబాద్ దాటామో లేదో, ఒక సేవాశిబిరం ముందు పహిల్వాన్ లాంటి మనిషి చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"రుకో బాబా! ఉల్టా కహా జా రహే హో?"

గంగాజలం ఢిల్లీ వైపు రావాలిగాని, కావడితో వెనక్కి పోతున్నామేమిటని పాపం అతడి బాధ.

భీమేశం పాతికేళ్ళుగా ఢిల్లీ నీళ్ళు తాగుతున్నా, హిందీకి తెలుగు దీర్ఘాలు తగిలించడం మానలేదు. ఊరగాయను అక్కడ 'అచార్' అంటారు. ఇతడు గొంతెత్తి, "ఆచార్ హై భయ్యా, ఆచార్!" అన్నాడు.

"ఆచార్య హై!" అంటూ పహిల్వాన్ భీమేశం కాళ్ళ మీద పడ్డాడు.

ఇంకేముంది! కావడి నేలకు తగలకూడదని జాడీలను ఒక దండేనికి తగిలించారు. ఆచార్యులవారికి కుర్చీ, శిష్యుణ్ణి గనక నాకు బల్ల. పూరీలు, హల్వా. ఇద్దరు కుర్రాళ్ళు భీమేశం పిక్కలు పిసకడం మొదలుపెట్టారు. బండి మీద వచ్చినవాడికి పిక్కలెందుకు నొప్పెడతాయని ఒక్కడూ అడగలేదు.

"ఒరేయ్ సూరీ, ఎనిమిదైపోతోందిరా! నువ్వైనా చెప్పరా!"

"చెప్పాను. ఊరగాయేనని చెప్పాను. గురువుగారు మమ్మల్ని పరీక్షిస్తున్నారంటున్నారు."

"మూత విప్పి చూపించు!"

విప్పబోతే నలుగురు నా చేతులు పట్టుకున్నారు. జలాన్ని దారిలో విప్పితే మహాపాపమట. హారతి అయ్యాకగాని వదల్లేదు.

ఆ కబురు మా బండికన్నా వేగంగా పరుగెత్తింది. ఆ తర్వాత అయిదు శిబిరాల్లోనూ అదే మర్యాద. తిట్టేవాళ్ళయితే ఎదురు తిట్టి పోవచ్చు. దణ్ణం పెట్టేవాళ్ళతో ఎలా వేగడం? భీమేశం కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, భక్తి పొంగిందని మెడలో ఇంకో దండ వేశారు.

మురాద్‌నగర్ దగ్గర పోలీసులు హైవే మూసి కాలవగట్టు మీదికి మళ్ళించారు. గట్టు మీద బురద. నాలుగుచోట్ల ఆచార్యులవారే దిగి బండి తోశారు. బద్ద మాత్రం భుజం మీంచి దించలేదు.

మీరట్ స్టేషను కనుచూపు మేరలోకి వచ్చేసరికి మూడూ పది. సరిగ్గా మా ముక్కు ముందు రైల్వే గేటు పడింది.

"కిందనుంచి దూరుదాంరా!"

"బద్దతోనా? నువ్వు దూరతావు, జాడీలు ఇటే ఉంటాయి."

అంతలో రైలు వచ్చేసింది. మిలటరీ రైలు, మా ముందునుంచే వెళ్తోంది. తలుపుల్లో జవాన్లు కావడి చూసి "బమ్ బమ్ భోలే!" అని చేతులూపుతున్నారు. భీమేశం ప్రతి పెట్టెకూ, "పద్మనాభం! తప్పయిందయ్యా! పద్మనాభం!" అని అరుస్తున్నాడు. కూత ఆ గొంతును మింగేసింది. అరుపు ఊపుకు బద్ద తిరిగి, ఒక జాడీ గేటు స్తంభానికి కొట్టుకోబోయింది. పట్టుకోవడానికి వంగాడు.

అప్పుడే వెళ్ళింది ఆరో పెట్టె. తలుపులో పద్మనాభం. వంగిన బావగారిని చూశాడు, కావడిని చూశాడు. రెండు చేతులూ జోడించి నుదుటికి ఆనించాడు. మలుపు తిరిగేదాకా దించలేదు.

భీమేశం లేచేసరికి చివరి పెట్టె పోతోంది.

"కనబడ్డాడా?"

"కనబడ్డాడు. నిన్ను గుర్తుపట్టాడు. దణ్ణం పెట్టాడురా."

"ఎవరు, పద్మనాభమా? నాకా?" నన్ను ఎగాదిగా చూశాడు. "చెయ్యి ఊపాడని చెప్పినా నమ్మేవాణ్ణి కదరా. ఇవాళ కూడా కోతలేనా?"

"నా కళ్ళ మీద ఒట్టు!"

"వాటికి శుక్లాలున్నాయి."

నాకు ఒళ్ళు మండింది. డెబ్బై కోతలు విని నవ్వినవాడు ఒక్క నిజానికి మొహం తిప్పేసుకున్నాడు.

"పోనీ, సుభద్రమ్మకు నేను చెబుతాను."

"చెప్పకు. నువ్వు చెబితే వాడసలు రైలే ఎక్కలేదనుకుంటుంది."

అటునుంచి ఇంకో రైలుందని గేటు ఎత్తలేదు. ఇద్దరం బండికి చెరోవైపు మొహాలు పెట్టుకుని నిలబడ్డాం. చివరికి భీమేశమే అడిగాడు.

"ఏ పెట్టె?"

"ఆరోది."

"కిటికీలోనా, తలుపులోనా?"

"తలుపులో."

"కోతలు," అన్నాడు. జాడీ వాసెన రెండుసార్లు సర్దాడు. ఆ తర్వాత నా వైపు చూడకుండానే, "నవ్వుతున్నాడా?" అన్నాడు.