డాక్టరమ్మ డబ్బాలోని మట్టి

ఎల్లారెడ్డి నుంచి పొద్దున బస్సుకే దిగాడు అబ్రాహాము. అక్కడి చర్చి పెద్ద. కామారెడ్డిలో మనుమరాలు త్రివేణి దగ్గర ఉంటున్న నర్సవ్వను చూడగానే చేతిలోని కవరు ఊపాడు.

"నర్సక్కా, దొరల సీమ నుంచి ఉత్తరమచ్చింది. అక్కడ నీకు ఎవడన్న ఉన్నడా ఏంది?"

"నీ నోరు పడిపోను! కాటికి కాళ్లు చాపినదానితోని పరాశికాలా? కూసో, చాయ్ పెడ్త."

ఉత్తరం స్కాట్లాండులోని ఆక్టర్‌బర్న్ అనే చిన్న ఊరి నుంచి వచ్చింది. ముప్పై ఏండ్లు ఎల్లారెడ్డిలో దవాఖాన నడిపి, 1987లో అక్కడే కన్నుమూసిన ఎల్స్‌పెత్ డాక్టరమ్మది ఆ ఊరే. నర్సవ్వ ఆమెకు వంట చేసేది. ఇప్పుడు, పాతికేండ్లకు, ఆ ఊరివాళ్లు తమ ఊరి చరిత్ర రాసుకుంటున్నారట. తమ ఆడబిడ్డ అంత దూరాన ఎట్లా బతికిందో, ఊరి గురించి ఏం చెప్పేదో తెలిసినవాళ్లు రాయమని అడిగారు.

త్రివేణి బడిలో ఇంగ్లీషు చెబుతుంది. ఉత్తరం మొదటి పుట చదివి వినిపించి, కాగితం, కలం తీసుకుని ఎదురుగా కూర్చుంది.

నర్సవ్వకు చెప్పడానికి కొదవేముంది? వంటింటి గడపలో కూర్చుని డాక్టరమ్మ ఆ ఊరిని ఆమె కళ్లకు కట్టి పోయింది.

"రాయి బిడ్డా. ఊరి నడుమ వాగు. వాగు మీద రాతి వంతెన. మన కురుమోళ్ల లెక్క గొంగళ్లు నేసే ఊరు. మిల్లు కూస్తె ఊరంత లేసుడు, మిల్లు కూస్తె ఊరంత తినుడు. ఏడాదంత ముసురే. కొత్తగ వచ్చినోళ్లతోని ఏండ్లకేండ్లు మాట్లాడరట. గాని జరమొచ్చిందని తెలిస్తె గడపల గిన్నెడు చారు పెట్టి, తలుపు కొట్టి, ముఖం సూపియ్యకుంట పోతరట. ఐతారం చర్చి దినమని పిల్లలు ఉయ్యాల గూడ ఊగొద్దు. ఒకపారి వంతెన కొట్టుకపోతే, మిల్లు దొర కట్టిస్తనన్నా వద్దని, ఇంటికో రాయి మోసి కట్టుకున్నరట. గంత పట్టుదల."

"మన ఎల్లారెడ్డోళ్లయితే ఇంటికో రాయి ఎత్తుకపోతురు," అన్నాడు అబ్రాహాము.

నర్సవ్వ నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి అన్నది. "డాక్టరమ్మ తల్లిని గంగల కలిపిన సంగతి గూడ రాయి."

డాక్టరమ్మ మంచం పక్కన గూట్లో ఒక రేకు డబ్బా ఉండేది. దాని మీద చెయ్యి వేసి, "ఇండ్ల మా అమ్మున్నది నర్సవ్వా" అనేది. అస్థికలు! అన్నేండ్లుగా నీళ్లలో కలపని అస్థికలు! అడగడానికి నోరు రాక నర్సవ్వ లోలోపల కుమిలిపోయేది. డాక్టరమ్మను మట్టి చేసిన మూడోనాడు ఒక్కపొద్దు ఉండి, డబ్బాను కొంగున కట్టుకుని, బస్సెక్కి మంజీర ఒడ్డుకు పోయింది. కళ్లు మూసుకుని నీళ్లలో ఒంపి, పసుపు, పూలు వేసి దండం పెట్టింది. తన జన్మకు అదొక్కటే పుణ్యమని ఆమె నమ్మకం. ఏటా పెద్దల అమావాస్యకు, పెత్రమాసకు, ఆ తల్లీబిడ్డల పేర బియ్యం ఇస్తూనే ఉంది.

త్రివేణి కలం కదల్లేదు. ఉత్తరం రెండో పుట తిప్పి చదువుకుంది.

"అవ్వా... అవి అస్థికలు కావు. వాళ్లమ్మ సమాధి మీది మన్ను. నేను పోయినంక నా గుంతల పొయ్యాలె, అమ్మ పక్కన పండుకున్నట్టుంటదని డాక్టరమ్మ తన చెల్లెకు రాసిందట. పోసిన్రా అని అడుగుతున్నరు."

నర్సవ్వ ఆ పుట అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. చివరికి, "మల్ల పిడికెడు పంపుమని రాద్దాం," అన్నది.

"ఎక్కడిదవ్వా? మిల్లు మూతవడ్డదట. చర్చి అమ్మిన్రట. సమాధుల జాగల రోడ్డు పడ్డదట. అందుకే, ఉన్న నలుగురు కూడి చరిత్ర రాసుకుంటున్నరు."

"పోసినమని రాయి బిడ్డా," అన్నాడు అబ్రాహాము మెల్లగా. "ఎవరొచ్చి తవ్వి సూస్తరు? వాళ్లకూ మనశ్శాంతి, అక్కకూ మనశ్శాంతి."

నర్సవ్వ గోడ మీది రాజన్న దేవుడి పటం వైపు చూసింది. దేవుడు భక్తినే చూస్తాడు, తెలియక చేసినదానికి దోషం లేదంటాడు పంతులు. నిజమే కావచ్చు. కానీ ఒంటరిగా మట్టి కింద పడుకున్న ఆమెకు ఈ భక్తి ఏం పనికొచ్చింది?

"వద్దు. అబద్ధం చెప్తె పుస్తకంల పడ్తది. ఆమె తల్లి పక్కనే ఉన్నదని ఊరంత నమ్ముతది. గది నాతోని కాదు."

"అందులో నీ పేరు చెడ్డగ పడ్తదవ్వా."

"పడనీ. రాయి. అమ్మలారా, అయ్యలారా, మీ ఊరి మన్ను మంజీరల పోయింది. మీ బిడ్డ ఎల్లారెడ్డిల ఉన్నది. నడుమ బస్సుకు గంట దూరం. తల్లిని, బిడ్డను ఎడబాపింది నేనే. ఆమెకు వండిపెట్టిన నర్సవ్వను."