పక్కనుంచి వచ్చే వేలు

మా ఇంట్లో కళ్ళు తయారవుతాయి. మొదటి ఏడాది కాలేజీలో ఈ మాట చెబితే అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు, నిజం మాత్రం అదే. దెబ్బ తగిలో, జబ్బు చేసో ఒక కన్ను తీయించుకున్నవాళ్ళు మా ముందుగదికి వస్తారు. ఖాళీ అయిన చోటికి నాన్న కొలత తీసుకుంటాడు, తెల్లటి ప్లాస్టిక్‌తో గుల్ల పోస్తాడు, అరగదీసి నునుపు చేస్తాడు. దాని మీద నల్లగుడ్డు వేసేది నేను. పదిహేనో ఏట నా చేతికి కుంచె ఇచ్చాడు. "రంగు కలపడంలో ఇది నన్ను మించిపోయింది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఎదురుగా పొగిడితే పిల్ల చెడిపోతుందన్న భయం ఆయనకు ఎప్పుడూ లేదు.

ఈ పనికి ఒక నియమం ఉంది. మనిషిని కిటికీ ముందు కుర్చీలో కూర్చోబెట్టి, మిగిలిన కన్ను చూస్తూ, పగటి వెలుగులోనే రంగు వేయాలి. "బల్బు కింద వేసిన కన్ను వీధిలోకి వెళ్ళగానే అబద్ధమాడుతుంది" అంటాడు నాన్న. మా కిటికీకి మంచి వెలుగు పొద్దున పది నుంచి మూడు దాకా ఉంటుంది. మా మెడికల్ కాలేజీ తొమ్మిది నుంచి నాలుగు దాకా ఉంటుంది. నా గోలంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది.

నాతో చదివేవాళ్ళు కొందరు సాయంత్రాలు పిల్లలకు పాఠాలు చెప్పేవారు, ఒకడు మందుల షాపులో నిలబడేవాడు. నేను సూర్యుణ్ణి సాయంత్రం డ్యూటీకి రమ్మని అడగలేను కదా. నెలకు పన్నెండు కళ్ళు ఇస్తామని పెద్దాసుపత్రికి మేం సంతకం పెట్టాం. ఇద్దరం కూర్చుంటేనే పన్నెండు పూర్తయ్యేవి. అందుకని వారానికి రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు కాలేజీ ఎగ్గొట్టేదాన్ని. అదీ గుడ్డిగా కాదు, ఏది వదిలితే కొంప మునగదో చూసుకుని మరీ. గుండె పాఠం వదలకూడదు. మందుల పాఠం అసలు వదలకూడదు. మూడో ఏడాదిలో కంటి విభాగం మొదలైంది. హమ్మయ్య అనుకున్నాను.

కన్ను గురించి నాకు ఒకరు చెప్పాలా? డబ్బాల్లో కళ్ళు, బల్ల మీద కళ్ళు, అన్నం తింటుంటే పక్కన పళ్ళెంలో ఆరబెట్టిన కళ్ళు. వాటి మధ్యే పుట్టి పెరిగినదాన్ని. ఆ ఏడాది ఏరికోరి కంటి క్లాసులున్న రోజులే ఎగ్గొట్టాను. కళ్ళు నెత్తికెక్కడం అంటే ఇదే. ఇప్పుడు తెలుస్తోంది.

అదే ఏడాది నాన్న ఇంట్లో వస్తువులతో గొడవపడటం మొదలుపెట్టాడు. వంటగది గుమ్మానికి రోజూ ఎడమ భుజం కొట్టుకునేవాడు. టీ కప్పు బల్ల మీద పెట్టబోయి బల్ల అంచున పెట్టేవాడు, అది కింద పడేది. నేను పక్కన వచ్చి నిలబడి పిలిస్తే ఉలిక్కిపడేవాడు.

"పిల్లిలా వస్తావేంటే, చెప్పులు చప్పుడు చెయ్యొచ్చుగా!"

"నీ పరధ్యానం ముదిరిపోయింది నాన్నా. గుమ్మాన్ని కాస్త వెడల్పు చేయించనా?"

"చేయించు. డాక్టరమ్మ అయ్యాక నీ మొదటి జీతంతో చేయించు."

ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. పని దగ్గర మాత్రం చిన్న పొరపాటు కూడా ఉండేది కాదు. నల్లగుడ్డు చొక్కా బొత్తామంత ఉంటుంది. దానికేసి సూటిగా చూస్తూ, తెల్లగుడ్డు మీద నరాల కోసం ఎర్ర పట్టుదారపు పోగుల్ని ఒక్కొక్కటే అంటించేవాడు. అంత సన్నటి పని చేసే మనిషికి చూపులో లోపం ఉందని ఎవరికి తడుతుంది? నాకు తట్టాలి. తట్టలేదు.

ఏడాది చివర్లో హాజరు చూసే గుమస్తా నన్ను పిలిచి, రిజిస్టరు నా వైపు తిప్పాడు.

"అన్నిట్లో ఎనభై దాటావమ్మా. కంటి విభాగంలో నలభై ఎనిమిది. డెబ్బై అయిదు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఏడాది పోతుంది."

ఏడాది పోతే నా చదువు కోసం పడ్డ పాట్లన్నీ మళ్ళీ మొదటికొస్తాయి. నా సంగతి అటుంచి, నాన్న తట్టుకోలేడు. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటిదాన్ని నేను. పరుగున కంటి విభాగం పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మాకు కొత్త కాదు, తన దగ్గర కన్ను తీయించుకున్నవాళ్ళను మా ఇంటికే పంపేవారు.

"మీ నాన్నగారి పనితనం ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. ఆయన మీద గౌరవంతో రిజిస్టరు దిద్దుతానని మాత్రం అనుకోకు" అన్నారు. తర్వాత కాస్త మెత్తబడి, "ఆరు వారాలు రోజూ పొద్దున్నుంచి ఓపీలో ఉండు. పదిమందిని పరీక్ష చేసి రికార్డు రాసి తీసుకురా. హాజరు నేను వేయిస్తాను" అన్నారు.

ఆరు వారాలు రోజూ అంటే, పన్నెండు కళ్ళు ఎవరు వేస్తారు? ఇంటికొచ్చి చెబితే నాన్న కోప్పడ్డాడు. పని గురించి కాదు, ఇన్ని క్లాసులు పోగొట్టుకున్నట్టు తనకు చెప్పనందుకు.

"వెళ్ళు. పన్నెండూ నేనే వేస్తాను. నువ్వు పుట్టకముందు ఎవరు వేశారనుకున్నావ్?"

అన్నట్టే వేశాడు. నేను పొద్దున బయల్దేరేసరికి కిటికీ ముందు కూర్చునేవాడు, తిరిగొచ్చేసరికి నడుం పట్టుకుని లేచేవాడు. గుమ్మానికి భుజం కొట్టుకునేవాడు.

ఓపీలో నాకు మొదట నేర్పింది చాలా చిన్న పరీక్ష. రోగికి ఎదురుగా కూర్చోవాలి. ఒక కన్ను చేత్తో మూసుకుని మన ముక్కు వైపే చూడమనాలి. మన చేతిని దూరంగా, పక్కనుంచి మెల్లగా లోపలికి తెస్తూ, వేళ్ళు కనపడగానే ఎన్నో చెప్పమనాలి. మామూలు మనిషికి చెయ్యి ఇంకా దూరంగా ఉండగానే కనపడుతుంది. పక్కచూపు పోయినవాళ్ళకు చాలా దగ్గరికి వస్తే తప్ప కనపడదు. మెషీన్లు లేవు, మందులు లేవు, రెండు కుర్చీలు చాలు.

"ఇది క్లాసులో చెప్పిన రోజు హాస్టల్లో ఒక్కర్నీ వదల్లేదు మేము. వంటమనిషిని కూడా కూర్చోబెట్టాం" అంది నా పక్క రోల్ నంబరమ్మాయి. ఈ సంగతి అది అప్పట్లోనే చెప్పింది, నేను నవ్వాను కూడా.

తొమ్మిదిమంది ఓపీలోనే దొరికారు. పదో మనిషి కోసం వెతుక్కోవడం దేనికని, ఒక ఆదివారం మూడు గంటలకు, వెలుగు తగ్గి నాన్న కుంచెలు కడుగుతుంటే, "రా నాన్నా, నువ్వే నా పదో రోగివి" అన్నాను.

"ఫీజు ఎంతిస్తావ్?" అంటూ వచ్చి కస్టమర్ల కుర్చీలో కూర్చున్నాడు. ఎప్పుడూ ఆ కుర్చీకి ఎదురుగా కూర్చునే మనిషి, ఆ రోజు దాన్లో కూర్చుని కొత్త పెళ్ళికొడుకులా చొక్కా సర్దుకున్నాడు. కుడి కన్ను మూసుకోమన్నాను. నా ముక్కు వైపే చూడమన్నాను.

"వేళ్ళు కనపడగానే ఎన్నో చెప్పు."

"రెండు."

నా చెయ్యి ఇంకా ఒళ్ళోనే ఉంది.

"ఆటలొద్దు నాన్నా. రికార్డు రాయాలి."

ఆయన నవ్వలేదు. నా ముక్కు వైపే చూస్తున్నాడు, బడిపిల్లాడిలా, చెప్పింది చెప్పినట్టు. నేను చెయ్యి చాచి పక్కనుంచి తెచ్చాను. మూడు వేళ్ళు. భుజం దాటింది, ఏమీ అనలేదు. నా చెవి దగ్గరికొచ్చింది. ఏమీ అనలేదు. చెంప పక్కకొచ్చాక, "మూడు" అన్నాడు. రెండో కన్ను మూయించి చూశాను. అదీ అంతే. పైనుంచి, కిందనుంచి తెచ్చాను. నా మొహం మాత్రం కనపడుతోంది ఆయనకు. నా మొహం చుట్టూ ఏమీ లేదు.

"ఎప్పట్నుంచి?"

"ఏది?"

"నాన్నా!"

కన్ను మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఏడాది పైనే అయ్యుంటుంది."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే కాలేజీ మానేసి ఈ కిటికీ దగ్గర కూర్చుంటావు. నీ సంగతి నాకు తెలీదా? అయినా ఎదురుగా ఉన్నది బాగానే కనపడుతోందిగా. మన పనంతా ఎదురుగానే ఉంటుంది. పక్కన చూడ్డానికి ఏముంది?"

పక్కన నేనున్నాను. ఆ ఏడాదంతా, వారానికి రెండు మూడు రోజులు, ఆయనకు మూరెడు దూరంలో నేనే కూర్చున్నాను. ఆ మాట పైకి అనేలోపే ఏడుపు వచ్చేసింది. "ఊరుకో, రికార్డు తడుస్తుంది" అన్నాడు.

మర్నాడు మేడమ్ పరీక్షించారు. నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పి లేకుండా, అంచుల నుంచి చూపును తినేసే జబ్బు. పోయింది తిరిగి రాదు. చుక్కల మందు జీవితాంతం వేసుకుంటే ఉన్నది కొన్నాళ్ళు నిలవచ్చు. ఎన్నాళ్ళని ఆవిడ చెప్పలేదు. నాన్నను బయట బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చి అడిగాను.

"ఏడాది కిందట పట్టుకుని ఉంటే, మేడమ్?"

ఆవిడ పెన్ను మూత పెట్టారు. "సగం పైనే మిగిలేది." మళ్ళీ తనే, "ఇరవై ఏళ్ళుగా ఆయన చేసిన కళ్ళను చూశాను. ఒక్కసారి కూడా ఆయన కళ్ళను చూడలేదు" అన్నారు. నన్ను ఓదార్చడానికి అన్నారో, తన బాధ తను చెప్పుకున్నారో తెలీదు.

నాకు ఒక్కటి తెలుసుకోవాలనిపించింది. తెలుసుకోకుండా ఉంటే బాగుండేది. గుమస్తా దగ్గరికి వెళ్ళి, వేళ్ళ పరీక్ష క్లాసులో చెప్పింది ఏ రోజని అడిగాను. ఆయన పేజీలు తిప్పి వేలు పెట్టి చూపించాడు. పదకొండు నెలల కిందట, ఒక మంగళవారం. నా నంబరు ఎదురుగా గైర్హాజరు.

ఇంటికెళ్ళి మా పనిపుస్తకం తీశాను. ఏ కంటికి ఏ రంగులు ఎంత కలిపామో అందులో రాసిపెట్టుకుంటాం. ఆ మంగళవారం పేజీలో ఒక బస్సు డ్రైవరు ఎడమ కన్ను ఉంది. ముదురు గోధుమ, అంచున బూడిద. రాత నాది. కింద నాన్న రాత: "బంగారుతల్లి, దీన్ని ఎవరూ పోల్చుకోలేరు." పది నుంచి మూడు దాకా ఆ బొత్తామంత రంగు కోసం డ్రైవరు కంట్లోకి చూస్తూ కూర్చున్నాను. నాన్న జబ్బు గురించి నాకు చెప్పడానికి ఆ రోజు కాలేజీలో ఒక మనిషి బల్ల ముందు నిలబడి నా నంబరు పిలిచాడు.

నేను క్లాసుకు వెళ్ళాలని ఆయన దాచాడు. ఆయనకు తోడుండాలని నేను క్లాసు మానేశాను. ఇద్దరిదీ ప్రేమే. దాన్ని తీసుకెళ్ళి ఏం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలీదు.

సాయంత్రం మొదటిసారి చుక్కలు వేస్తుంటే నాన్న అడిగాడు.

"ఆ వేళ్ళ పరీక్ష మీకు ఎప్పుడు నేర్పారే?"

చుక్క ఆయన చెంప మీద పడింది. తుడిచాను.

"ఈమధ్యే నాన్నా. ఓపీలో."

"చూశావా మరి!" తల పైకెత్తే ఉంచి, కళ్ళు మూసుకుని, మొహమంతా నవ్వుతో అన్నాడు. "నేర్పీ నేర్పగానే ఇంటికొచ్చి పట్టేశావు. ఇంకెవరైనా అయితే ఏళ్ళు గడిచినా కనిపెట్టేవారా?"

నా హాజరు డెబ్బై ఆరుకు చేరింది. పరీక్షకు కూర్చున్నాను, కంటి విభాగంలో అందరికంటే ఎక్కువ మార్కులు నావే. ఆసుపత్రికి ఇప్పుడు నెలకు ఆరు కళ్ళే ఇస్తున్నాం. అవి నేను సెలవు రోజుల్లో వేస్తాను. నాన్న ఎదురుగా కూర్చుని ఎర్ర పోగులు అంటిస్తాడు. కనపడే ఆ కాస్త చోటు నెలనెలా చిన్నదవుతోందని నాకు తెలుసు, ఎందుకంటే నెలనెలా నేనే కొలుస్తున్నాను.

వచ్చిన ప్రతి మనిషికీ ఆయన ఈ కథ చెబుతాడు. "మా అమ్మాయికి ఇలా పాఠం చెప్పారో లేదో, అలా ఇంటికొచ్చి నా జబ్బు కనిపెట్టేసింది. క్లాసు వదలని పిల్ల కాబట్టి సరిపోయింది."

ఆ మాట రాబోతోందని తెలియగానే నేను కుర్చీని కొంచెం పక్కకు జరుపుకుంటాను. అక్కడ కూర్చుంటే నా మొహం ఆయనకు కనపడదు.