కృప పెళ్ళి డిస్కు

బట్టలకొట్లో నిలబడి చీరలు మడతపెట్టేవాళ్ళకి సాయంత్రమయ్యేసరికి కాళ్ళు తమవిగా ఉండవు. వచ్చినావిడ బీరువాలో చీరలన్నీ విప్పించి, "మళ్ళీ వస్తాంలే అమ్మాయ్" అని చెయ్యూపుకుంటూ పోతుంది. విప్పినవన్నీ మళ్ళీ మడతపెట్టాలి. కృపకి విజయవాడలో రోజూ అదే పని. పనయ్యాక కంకిపాడు బస్సెక్కి, సీటు దొరక్కపోతే కమ్మీ పట్టుకుని నిలబడే ఓ కునుకు తీసి, ఇంటికెళ్ళి మంచంలో ఉన్న తండ్రికి అన్నం తినిపించి, మూతి తుడిచి, తను తినీ తినక పడుకునేది. తండ్రి పుల్లయ్యకి పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది, మాట కూడా పోయింది. మాట ఉన్నన్నాళ్ళూ ఆయన కూతురికి చెప్పింది ఒకటే. "సర్దుకుపో తల్లీ."

సర్దుకునే ఓపిక లేకే కృప చల్లపల్లిలో మొగుణ్ణి వదిలేసి వచ్చేసింది. ఫిలిప్ బంగారంలాంటి మనిషని అంటారు అక్కడందరూ. అతని చేతి దెబ్బ తిన్నవాళ్ళు కాదు గదా, అంటారు మరి.

ఈ ఆదివారం సంఘ పెద్దలు తీర్పుకి వస్తామన్నారు. వాళ్ళ సంఘంలో ఒక పద్ధతుంది. మొగుడూ పెళ్ళాం విడిపోతే ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, వాళ్ళ పెళ్ళి వీడియో డిస్కు మొదటినించీ వేస్తారు. దేవుడి ముందు చేసిన ప్రమాణం మళ్ళీ చెవినపడితే ఎంతటివాళ్ళకైనా మనసు కరుగుతుందని పెద్దాయన పాల్ గారి నమ్మకం. కరక్కపోయినా పర్లేదు, డిస్కు అవగానే పిల్లని పెట్టె సర్దించి పంపించేస్తారు. అలా వెళ్ళకుండా ఆగిన ఆడపిల్ల ఇంతవరకూ లేదు. డిస్కు వేసే మిషను మాత్రం పిల్లవైపువాళ్ళే తెచ్చుకోవాలి.

"ఉరితాడు కూడా మనమే కొనుక్కోవాలన్నమాట" అంది కృప.

"నోటికి ఏదొస్తే అది అనమాకే" అంది తల్లి సువార్తమ్మ. "మీ నాన్న కూడా చూడాలిగా. మంచం దగ్గర పెట్టుకునేది తీసుకో. కరెంటు పోయినా ఆగకూడదు."

బెంజ్ సర్కిల్ దగ్గర ఎక్కే కొట్టూ దిగే కొట్టూ అయింది. ఇంకా డీవీడీలేంటమ్మా అని ఒకడు నవ్వాడు, ఫోన్లో చూసుకోరాదా అని ఇంకొకడు సలహా ఇచ్చాడు. చివరికి ఓ సందులో భానుచందర్ అనే కొట్టాయన అటకమీంచి రెండు పెట్టెలు దింపి దుమ్ము ఊదాడు.

"చిన్నదైతే చార్జింగ్ బాగా నిలబడుద్దండి. పెద్దదాని మూత ఎటు కావాలంటే అటు తిరుగుద్ది, గీతలుపడ్డ డిస్కు కూడా ఆడిద్ది. కాకపోతే చార్జింగ్ తొందరగా దిగిపోద్ది. ఏం చూట్టానికండీ?"

"పెళ్ళి డిస్కు."

"వేసి ఎన్నాళ్ళయింది?"

"ఒక్కసారీ వెయ్యలేదండి."

భానుచందర్ నాలిక్కరుచుకున్నాడు. "తప్పండీ. ఏడాదికోసారైనా వెయ్యాలి. లోపలున్నవాళ్ళకి కూర్చుని కూర్చుని కాళ్ళు పట్టేస్తాయి. చిన్నదాంట్లో మరీ ఇరుకండి. పెద్దది తీసుకోండి, లేచి కాస్త అటూ ఇటూ తిరుగుతారు."

అదీ నిజమే. పక్కింటి వెంకటరత్నమ్మ పెళ్ళి డిస్కులో ఆవిడ ఆడబిడ్డ వేసినప్పుడల్లా కుర్చీ మారుస్తుంది. మొన్న వేసినప్పుడైతే ఉక్కగా ఉందని పందిట్లోంచి బయటికెళ్ళి, పెళ్ళయ్యేదాకా తిరిగి రాలేదు. కాళ్ళనొప్పులంటే ఏంటో కృపకి వేరే చెప్పాలా? పెద్దదే తీసుకుంది.

ఆదివారం ఆరాధనయ్యాక పెద్దల తరఫున పాల్ గారు వచ్చారు. ఫిలిప్ తెల్లచొక్కా టక్ చేసుకుని, అత్తగారికి వందనాలు చెప్పి, ఎంత పద్ధతైనవాడో అన్నట్టు కుర్చీ అంచున కూర్చున్నాడు. కృప పెట్టె అప్పటికే సర్ది గుమ్మం పక్కన ఉంది. పుల్లయ్య మంచం దగ్గర స్టూలు వేసి, మిషను మూత ఆయనవైపు తిప్పి, డిస్కు పెట్టింది కృప.

ముందు గులాబీపువ్వు విచ్చుకుని అందులోంచి ఆమె మొహం వచ్చింది. ఆ పిల్లని చూస్తే కృపకి జాలేసింది. తర్వాత చర్చి. లోపలివాళ్ళు చాలాకాలానికి వెలుతురు చూశారేమో, ఒళ్ళు విరుచుకున్నారు, మోకాళ్ళు రుద్దుకున్నారు. ముందు వరసలో పుల్లయ్య పట్టుకండువాతో నిటారుగా కూర్చున్నాడు.

"ఈ వివాహమునకు ఎవరికైనను అభ్యంతరమున్నయెడల ఇప్పుడే చెప్పవలెను, లేనియెడల ఇకమీదట మౌనముగా నుండవలెను" అని పాస్టరుగారు చదివారు. ఏ పెళ్ళిలోనైనా చదివేదే. జవాబు కోసం ఎవరూ ఆగరు. ఆయన కూడా పేజీ తిప్పబోయారు.

ముందు వరసలో పుల్లయ్య లేచి నిలబడ్డాడు.

"నాకుందండి, అయ్యగారూ."

మంచంమీద పుల్లయ్య ఎడంచెయ్యి పట్టెని గట్టిగా పట్టుకుంది.

"పుల్లయ్యా, వంటలైపోయాయయ్యా" అన్నారు పాస్టరుగారు.

"తెలుసండి. పొద్దున కాఫీలు తీసుకుని మగపెళ్ళివారి విడిదికెళ్ళాను. ఈ అబ్బాయి వాళ్ళమ్మని జుట్టు పట్టుకుని గోడకేసి కొడతన్నాడు. చొక్కా ఇస్త్రీ బాలేదంట. చూసి కూడా కాఫీలక్కడ పెట్టి వచ్చేశాను. పందిరేశాం, జనం వచ్చేశారు, ఇప్పుడాపితే పరువేం కావాలని నోరు మూసుకున్నాను. ఇంక నావల్ల కాదండి. నా పిల్లని ఇవ్వను."

పాస్టరుగారు పుస్తకం మూసేశారు. పెళ్ళికొచ్చినవాళ్ళు కాసేపు గుసగుసలాడి, వండిన అన్నం పారబొయ్యకూడదు గనక భోజనాలకి లేచారు. లోపలి కృప ముసుగు తీసి పక్కావిడ చేతికిచ్చి, వాళ్ళ నాన్న పక్కకెళ్ళి కూర్చుంది. డిస్కు అయిపోయింది.

"ఇదేంటండీ పాల్ గారూ?" అన్నాడు ఫిలిప్.

పాల్ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "పెళ్ళే జరగలేదు గదా బాబూ. ఎవర్ని పంపమంటావు?"

"మరి మేం ఇన్నేళ్ళు కాపరం..."

"ఇప్పటిదాకా అందర్నీ డిస్కు ప్రకారమే పంపాం. నీ ఒక్కడికోసం పద్ధతి మార్చమంటే ఎట్టా?"

ఫిలిప్ ఉంగరం కోసం వేలు తడుముకున్నాడు. ఉంగరం లేదు, దాని మచ్చ కూడా లేదు. చల్లపల్లి బస్సుకి టైమైందని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. పాల్ గారు చిన్న ప్రార్థన చేసి ఆయనా లేచారు.

కృపకి సంతోషం రాలేదు. ముందు కోపం వచ్చింది. మంచం దగ్గరికెళ్ళి నిలబడింది.

"తెలిసే ఇచ్చావా నాన్నా? తెలిసే సర్దుకుపొమ్మన్నావా?"

పుల్లయ్య చాలాసేపు నిలబడి వచ్చినవాడిలా ఆయాసపడుతున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. కృప కొంగుతో ఆయన మొహం తుడిచింది. కాస్త గట్టిగానే తుడిచింది.

"అన్నం పెట్టనా?" అంది సువార్తమ్మ వంటింట్లోంచి.

"తర్వాతమ్మా."

ఇన్నాళ్ళ అలసటా ఒక్కసారే మీదపడ్డట్టయి, మంచం పక్కన ఉత్త గచ్చుమీదే పడుకుంది కృప. కాసేపటికి పైనించి తండ్రి ఎడంచెయ్యి మెల్లగా జారి ఆమె తలమీద ఆగింది. తీసెయ్యాలనుకుంది. ఓపిక లేక ఉండనిచ్చింది.