సాబిరా ఆపా పది పాటలు

పెళ్ళికి మైక్ పెట్టినచోట ఎవడూ మన పాటల ప్లేటు ఎత్తుకుపోకుండా, ఆ గ్రామఫోను రికార్డు నడుమ ఉండే గుండ్రటి కాగితం మీద దుకాణం పేరు రాసుకునేవాళ్ళం. ఆ రోజుల్లో మైక్‌సెట్ నడిపిన ప్రతివాడూ చేసిన పనే. నా చేతిరాత బాగుంటుందని మా నాయన అది నాకు అప్పజెప్పాడు. దుకాణం కూడా నా పేరిటే పెట్టాడు. పద్దెనిమిదేళ్ళ పొగరు నాది. ఎర్ర పెయింటులో బ్రష్షు ముంచి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ‘ఉప్పలయ్య మైక్‌సెట్’ అని దట్టంగా రాశాను. కింద పాడినవాళ్ళ పేరు ఏముందో పట్టించుకోలేదు. పాట వినేవాడికి పేరెందుకు అనుకున్నాను.

అలా రంగు కింద పోయినవాటిలో సాబిరా ఆపా ప్లేట్లు ఐదు. ప్లేటుకు రెండు పాటలు. అరవైలలో గిటారు, డ్రమ్ములతో తెలుగులో హుషారు పాటలు పాడిన మా ఖిలా వరంగల్ పిల్ల, మాకందరికీ ఆపా, అంటే అక్క. ఆ పాటలు వేస్తే పెళ్ళికొడుకు కూడా కుర్చీ దిగి ఆడేవాడు. పెళ్ళయ్యాక ఆమె మొగుడు ఇంట్లో ఉన్న ప్లేట్లన్నీ బండకేసి కొట్టాడు. ఆమె మళ్ళీ పాడలేదు. ఆ మనిషి చచ్చిపోయి ఇరవై ఏళ్ళయినా వాడి మీద నా కోపం చావలేదు.

మొన్న ఎండాకాలంలో హైదరాబాద్ నుంచి హరికృష్ణ అనే కుర్రాడు వచ్చాడు. పాత పాటలు ఏరి ఆల్బంగా ఫోన్లలోకి తెచ్చే కంపెనీ వాళ్ళది. ఆ పది పాటలూ నా దగ్గర తప్ప ఎక్కడా దొరకలేదట. కాపీ చేసుకున్నాడు. పాడినామె నాలుగు గల్లీల అవతలే ఉందని చెప్పాను. నోటిమాట చెల్లదని, ఒక్క ప్లేటు మీదైనా పేరు కనిపిస్తేనే ఆల్బంలో ఆమె పేరు వేస్తామని అన్నాడు. పాడి చూపించడానికి ఆమెకు గొంతు లేదు. ఆపరేషన్ తర్వాత గుసగుసే మిగిలింది.

ఈ సంగతి చెప్పడానికి వెళ్తే, నా చెయ్యి పట్టుకుని ఆ గుసగుసతోనే అంది.

“నేను పాడిన్నంటే మనుమలు నవ్వుతాండ్లు, ఉప్పలయ్యా. నా పేరు అచ్చుల చూస్తెనన్న నమ్ముతరు.”

“ఫికర్ జెయ్యకు ఆపా, ఆ రంగు నేను తీస్త,” అన్నాను.

కిరసనాయిలులో దూది ముంచి రుద్దాను. రంగుతో పాటు కాగితమూ ఊడొచ్చింది. రెండోది మెల్లగా రుద్దాను, అదీ అంతే. ఆ పని తెలిసినవాళ్ళకు ఇద్దాం, ముట్టుకోవద్దని హరికృష్ణ ఫోన్లో మొత్తుకున్నాడు. యాభై ఏళ్ళు ప్లేట్లు తిప్పినవాడికి నువ్వు నేర్పుతావా అని కసిరి పెట్టేశాను. మూడోది పోయింది, నాలుగోది పోయింది. ఐదోదాని దగ్గరైనా ఆగాల్సింది. ఆగలేదు.

వెళ్ళి ఆపాకు చెప్పాను. ఆమె తిట్టలేదు. చాయ్ తాగి పొమ్మంది. తిట్టి ఉంటే నాకు కాస్త నిద్ర పట్టేది.

పోయిన శుక్రవారం ఆల్బం వచ్చింది. ఆమె మనుమడు తబ్రేజ్ మా ఇద్దరి ముందే ఫోన్ తెరిచి పైకి చదివాడు. గాయని వివరాలు తెలియవు. కృతజ్ఞతలు: ఉప్పలయ్య మైక్‌సెట్, ఖిలా వరంగల్. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

పాట మొదలైంది. ఇరవై ఏళ్ళ సాబిరా గొంతు. “మీ దాదీనే పాడింది బిడ్డా, ఒట్టు,” అన్నాను. తబ్రేజ్ ఈసారి నవ్వలేదు. ఆమె వైపు తిరిగి, నిజమేనా అని అడిగాడు. నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాడు. ఆమె అవునంటే చాలు.

ఆమె పాట అయిపోయేదాకా విన్నది. ఫోన్ తెర మీద ‘గాయని వివరాలు తెలియవు’ అన్నచోట వేలు ఆనించింది.

“నేను గాదు బేటా. ఎవరో, పాపం. ఇగ బంద్ చెయ్యి.”